మూత లోపలి లేబుల్

నూజివీడులో లేబుళ్ల రావుగారి ఇల్లెక్కడంటే ఎవరైనా చెప్తారు. ఆయన అసలు పేరు వెంకటకృష్ణారావు. వాళ్ల నాన్నగారి ప్రెస్సులో అచ్చయిన లేబుళ్లు అతికించుకుని మన మామిడికాయల పెట్టెలు ఎన్నెన్ని ఊళ్లు తిరిగాయో లెక్కలేదు. ప్రెస్సు మూతపడి పదిహేనేళ్లయింది గానీ ఆయన కన్ను మాత్రం మూతపడలేదు. పాత బిస్కట్ డబ్బాలు, అగ్గిపెట్టెలు, దొరల కాలం నాటి వేట తుపాకుల పెట్టెలు పోగేసుకునే పిచ్చివాళ్లు కొందరుంటారు చూడండి, వాళ్లు హైదరాబాదు నుంచి కూడా ఈయన దగ్గరికే వస్తారు. పెట్టె మీదున్న లేబుల్ అప్పటిదేనా, తర్వాత ఎవరైనా అతికించారా అన్నది ఈయన తేల్చాలి. గోటితో అంచు గీకి, వాసన చూసి, ఒక్క మాట చెప్తాడు. అరవై ఒక్కేళ్లకి ఆ మాత్రం గర్వం ఉంటే ఉండనివ్వండి, ఇంతవరకూ ఆ మాట తప్పని తేలలేదు.

మే నెల మధ్యాహ్నం, భోజనం చేసి నడుం వాల్చబోతుంటే రెడ్డిగూడెం నుంచి ప్రవీణ్ వచ్చాడు. పోయినేడాది కాలం చేసిన మామిడితోటల శ్రీరాములుగారి మనవడు. చంకలో తోలు తొడిగిన పొడుగాటి చెక్కపెట్టె ఉంది.

"తాతగారి తుపాకీ పెట్టె అండీ. తుపాకీ డీలరు దగ్గర డిపాజిట్‌లో ఉంది. రెండూ కలిపి కొంటామని ఒకాయన వచ్చాడు. లేబుల్ అసలుదేనని మీరు రాసిస్తే చాలంటున్నాడండీ."

"చూద్దాం, దాందేముంది బాబూ," అంటూ రావుగారు మూత ఎత్తారు.

ఎత్తిన మూత ఎత్తినట్టే ఉండిపోయింది. ఎర్ర మఖమలు మధ్యలో, లండన్ కంపెనీ పేరుతో, కింద తుపాకీ నంబరుతో గోధుమరంగు లేబుల్. ఆ నంబరులో ఏడు అంకెకి తోక పొట్టిగా ఉంది. ఆ సైజు టైపులో ఏడు దొరక్కపోతే, ముప్పై ఎనిమిదేళ్ల క్రితం ఆయనే కొయ్యముక్కలో చెక్కాడు దాన్ని.

అప్పుడాయనకి ఇరవై మూడేళ్లు. శ్రీరాములుగారి షెడ్డులో పెట్టెలకి లేబుళ్లు అతికించే సలోమోను అనే మనిషి ఉండేవాడు. చింతగింజల జిగురు ఉడకబెట్టి, లేబుల్ వెనక పూసి, పెట్టె మీద వేసి, చివర్లో కింది మూలని కుడి బొటనవేలితో గట్టిగా ఒత్తి వదిలేవాడు. మూల లేవకూడదని షెడ్డు వాళ్లందరూ అలాగే చేస్తారు గానీ, సలోమోను ఒత్తు వేరు. ఎప్పుడో కత్తి దిగి వేలి కొస మధ్యకి చీలింది. ఆ గుర్తు రెండు శనగబద్దలు పక్కపక్కన పెట్టినట్టు పడేది. ఒక మంగళవారం ఆ మనిషి శ్రీరాములుగారి తోటలో తుపాకీ గుండు తగిలి చచ్చిపడున్నాడు.

శుక్రవారం నాడు శ్రీరాములుగారు ప్రెస్సుకొచ్చి, పెట్టెలో లేబుల్ చెదలు తినేసిందని ఒక ముక్క చూపించి, అచ్చం అలాంటిదే ఈ నంబరుతో వేసిపెట్టమన్నారు. కుర్రతనం, పనితనం చూపించుకోవాలన్న సరదా. కాగితాన్ని టీ నీళ్లలో ముంచి మరీ పాతదనం తెప్పించాడు. లైసెన్సు పుస్తకం వానకి తడిసి అంకెలు అలుక్కుపోయాయట. ఇన్‌స్పెక్టరు మూత లోపలి నంబరూ, పెట్టెలో ఉన్న తుపాకీ నంబరూ సరిచూసి, ఇది శ్రీరాములుగారి తుపాకీయే, ఏడాదిగా పేల్లేదన్నాడు. అరువు తెచ్చి పెట్టెలో పెట్టిన తుపాకీ అది. పేలిన తుపాకీ ఏ నూతిలోకి పోయిందో ఎవరికీ తెలీదు. కాయల దొంగతనానికొచ్చి ఎవడి నాటు తుపాకీకో బలైపోయాడని సలోమోను పేరు మీద రాసి కేసు మూసేశారు.

సంగతి అర్థమయ్యేసరికి రావుగారు నోరు మూసుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడూ తెరవలేదు. సలోమోను చచ్చిపోయేటప్పటికి వాళ్ల అమ్మాయి సుసన్నాకి నాలుగేళ్లు. దొంగ కూతురనిపించుకుంటూనే పెరిగింది. ఇప్పుడు పళ్లరసం ఫ్యాక్టరీలో కాయలు ఏరే పని చేస్తోంది. ఏటా తండ్రి జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టించి, నాన్నని ఎరిగిన మనిషని ఈయన్నీ పిలుస్తుంది. ఈయన వెళ్తాడు. వెళ్లి, ఆవిడ కొసరి కొసరి వడ్డించిన కూర తిని వస్తాడు. సిగ్గులేకపోతే సరి.

ఇప్పుడు 'ఇది నకిలీ, అచ్చేసింది నేనే' అని ఒక్క ముక్క రాస్తే సలోమోను దొంగ కాదని తేలుతుంది. రాస్తే ఈయన పేరేం కావాలి? ఈ వయసులో కోర్టు మెట్లెక్కాలా? రావుగారు మూత దించి ప్రవీణ్ వైపు తిరిగారు.

"ఊదారంగు లైటేసి చూడాలి బాబూ. ఈమధ్య కాగితమైతే నీలంగా మెరుస్తుంది, పాతదైతే మెరవదు. గది చీకటిగా ఉండాలి. నువ్వు వరండాలో కూర్చో." కాస్త ఆలోచించుకునే వ్యవధి కోసం అన్న మాట అది.

కిటికీలు మూసి, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కారు. కాగితం లేవకుండా ఫ్యాను ఆపారు. పట్టపగలు గదిలో కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడని చీకటి. ఉక్కపోత. పక్కగదిలో ఎండుగడ్డిలో మాగేసిన రసాల వాసన గొంతులోకి దిగుతోంది. వీధిలో ఐస్‌బండి గంట దూరమై దూరమై ఆగిపోయింది.

టార్చి నొక్కారు. లేబుల్ నీలంగా భగ్గుమంది. అది ఆయన అనుకున్నదే.

కింది మూలన ఇంకొకటి మెరుస్తోంది. పసుప్పచ్చగా... బొటనవేలి గుర్తు. మధ్యకి చీలి, రెండు బద్దలుగా.

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నారు. మంగళవారం చచ్చిపోయాడు. బుధవారం పాతిపెట్టారు. శుక్రవారం నేను అచ్చేశాను... పాతిపెట్టిన మనిషి వేలు దీని మీద ఎలా పడింది?

ముట్టుకున్నారు. తడి. వేడిగా ఉంది. రసాల వాసనని తోసేసుకుంటూ అప్పుడే పొయ్యి మీంచి దించిన చింతగింజల జిగురు వాసన వచ్చింది.

జేబురుమాలుతో తుడిచి మళ్లీ టార్చి వేశారు. ఇప్పుడు రెండు. ఒకటి మూలన. ఒకటి మఖమలు మీద.

మూడోది పెట్టె అంచు మీద.

నాలుగోది బల్ల మీద... ఆయన వైపు.

"సలోమోనూ," అని గొణిగారు. గొంతు ఆయనదిలా లేదు. "నాకు తెలీదురా. అప్పుడు నాకు తెలీదు."

బల్ల చివర ఇంకొకటి పడింది. పడుతుండగా చూశారు. పసుప్పచ్చగా, నెమ్మదిగా, ఎవరో బలంగా ఒత్తుతున్నట్టు... ఆ తర్వాత పెదాల మీద ఏదో వెచ్చగా తగిలింది.

అంతే గుర్తుంది. తలుపు తీసుకుని వరండాలో పడ్డారు.

"ఏంటండీ, అంత చెమటలు పట్టాయి?" ప్రవీణ్ లేచి పట్టుకున్నాడు. "అరగంట పైనే అయింది. పిలుద్దామా వద్దా అని చూస్తున్నాను."

"అరగంటా? ఐదు నిమిషాలు కూడా కాలేదు కదా..."

ఇద్దరూ లోపలికెళ్లి కిటికీలు తీశారు. బల్ల మీద ఏమీ లేదు, మూత మీద మరకైనా లేదు. ఎండ పడేసరికి దెయ్యాల భయం వెనక్కి పోయి, మనుషుల భయం ముందుకొచ్చింది. ఆయన తత్వమే అంత.

"అసలుదేనా అండీ?"

రావుగారు పెన్ను తీసి 'లేబుల్ అసలుదే' అని రాసి సంతకం పెట్టారు. ప్రవీణ్ నమస్కారం పెట్టి, పెట్టెని బండికి కట్టుకుని, హనుమాన్ జంక్షన్ వైపు వెళ్లిపోయాడు.

బండి చప్పుడు ఇంకా వినిపిస్తుండగానే జేబులో ఫోన్ మోగింది. సుసన్నా.

"రావుగారూ, మీరు చెప్పిందంతా మా అమ్మాయి మౌనిక రికార్డు చేసిందండీ. లాయరుగారి దగ్గరికి బయల్దేరాం."

"నేనేం చెప్పానమ్మా?"

"అదేంటండీ అలాగంటారు? ఇందాక అరగంట సేపు చెప్పారు కదా. లేబుల్ మీరే అచ్చేశానన్నారు. తుపాకీ మార్చేశారన్నారు. ఎంత ఏడ్చారండీ మీరు. మా నాన్న దొంగ కాదని ఇన్నేళ్లకి ఒక్కరైనా అన్నారు. మీకు దణ్ణం పెడతానండీ."

ఆయన ఫోన్ చెవి మీంచి తీసి చూశారు. రెండు గంటల పది నిమిషాలకి ఈ ఫోన్ నుంచే సుసన్నాకి వెళ్లింది. ముప్పై నాలుగు నిమిషాలు. ఎంత తలబద్దలు కొట్టుకున్నా అందులో ఒక్క మాట కూడా గుర్తు రాలేదు.

"ఒక్కటి అడగనా అండీ?" సుసన్నా గొంతు తగ్గించింది. "మీరు ఆగినప్పుడల్లా పక్కనుంచి ఎవరో 'ఊఁ, తర్వాత?' అంటున్నారు. మెల్లగా... ఎవరండీ ఆయన?"

రావుగారు వెనక్కి తిరిగి చూశారు. కిటికీలు బార్లా తెరిచున్నాయి. గది నిండా ఎండ. ఎవరూ లేరు. "ఇక్కడెవరూ లేరమ్మా, నేను..." అని ఆగారు.

"ఇదిగో..." అంది సుసన్నా. "ఇప్పుడు కూడా అంటున్నారండీ."