రవళి ఇంటి పచ్చదీపం

మూడో రోజు కూడా రవళి ఇంటి గాలిసాక్షి పచ్చగానే వెలుగుతోంది. అక్షిత వీధిలో నిలబడి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. పచ్చే. అదీ ముదురు పచ్చ, వాడలో ఏ ఇంటికీ ఇంతవరకు రానిది.

గాలిసాక్షి అంటే ద్వారబంధం మీద బిగించిన అరచేతంత బిళ్ల. ఇంట్లో ఎంత పొగ పుట్టిందో, సూర్యకుంపటి మీద ఎంత వేడి వాడారో పసిగట్టి ఎరుపు, పసుపు, పచ్చ రంగుల్లో ఊరికి చెబుతుంది. గుట్ట మీద కరిగిన ఉప్పులో దాచిన ఎండ గొట్టాల్లో దిగి వచ్చి ప్రతి వంటింట్లో సూర్యకుంపటిని వేడెక్కిస్తుంది. చలవగోడలు ఎండను లోపలికి రానివ్వవు, చప్పుడును బయటికి పోనివ్వవు. మేలే జరిగింది, కాదంటే కళ్లు పోతాయి. అక్షిత తల్లి కట్టెల పొగకే దగ్గి దగ్గి పోయింది. ఒక్క వేసవిలో ఈ వాడలోనే తొమ్మిది మంది వడదెబ్బకు రాలిపోయారు. అందుకే అరవయ్యేళ్ల వయసులో కూడా ఆమె గాలి కార్యకర్తగా ఇల్లిల్లూ తిరుగుతోంది.

ఎటొచ్చీ ఇంట్లో ఒంటరిగా ఉండే రవళి ఒక్కతే దారికి రాలేదు. కుంపటి మీద కాచింది చాయ్ కాదని, పెరట్లో మట్టిపొయ్యి రాజేసేది. వాడంతా పచ్చగా ఉంటే ఆమె ఇంటి బిళ్ల మాత్రం పసుపు రంగులో వెలిగేది. రెండేళ్ల కిందట ఆ పొయ్యిని అక్షితే గడ్డపారతో పగలగొట్టింది. రవళి అరవలేదు. "ఇగ నా గడప తొక్కకు" అని మాత్రం అంది. మర్నాటి నుంచి మూడు రాళ్లు పెట్టుకుని అక్కడే పుల్లలు అంటించింది.

అక్షితకు ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. నలభై ఏళ్ల స్నేహం మరి. పొయ్యిల కాలంలో పొద్దున్నే పిడకముక్క పట్టుకుని నిప్పు కోసం రవళి ఇంటికి వెళ్లేది. ఇంట్లో అగ్గిపెట్టె లేక కాదు. మంగళ, శుక్రవారాలు ఇంటి నిప్పు బయటికి పోకూడదని రవళి ఇచ్చేది కాదు. అయినా ఆ రెండు రోజులూ అక్షిత మానేది కాదు, ఉత్త చేతులతో వెళ్లి కడుపునిండా మాట్లాడి వచ్చేది.

ఇప్పుడీ పచ్చ. రవళి మెత్తబడింది, రాళ్లు తీసేసింది, ఇంకేముంది! మొదటి రోజు అక్షిత నమ్మలేదు. రెండో రోజు పొద్దున్న గడప దాకా వెళ్లింది. తలుపు కొట్టబోయి ఆగిపోయింది. మొహం మీదే పొమ్మంటే? అక్కడి నుంచి తిన్నగా సర్పంచి చరణ్ దగ్గరికి నడిచింది.

"అయితే మీ దోస్తు దారికొచ్చినట్లే గద అత్తా!" అన్నాడు చరణ్. "రేపు పొద్దుగాల శాలువా కప్పుదాం. వాడ మొత్తం పచ్చగైంది, చిన్న ముచ్చటా?"

ఆ రాత్రి అక్షిత పెళ్లి పెట్టుకున్న ఇంటిదానిలా తిరిగింది. బొట్టుపెట్టె తీసిపెట్టుకుంది. రవళితో మొదట ఏం అనాలో నాలుగు రకాలుగా అనుకుని చూసుకుంది.

మూడో రోజు పది గంటలకు డప్పు ముందు నడవగా వాడంతా కదిలింది. అక్షిత తలుపు కొట్టింది. "వదినా! నేనే. కోపం చాలియ్యి, తలుపు తియ్యి."

పలుకు లేదు.

"కొత్తచీర కట్టుకుంటున్నట్టున్నది" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. అక్షిత కూడా నవ్వింది. మళ్లీ కొట్టింది. ఇంకోసారి కొట్టి చరణ్ వైపు తిరిగింది. చరణ్ భుజంతో తలుపు నెట్టాడు.

రవళి వంటింట్లో ఒక పక్కకు పడి ఉంది. కుంపటి చల్లగా ఉంది. నీళ్లబిందె అందుకోబోయి చాచిన చేయి అలాగే ఉండిపోయింది. వీధిలో డప్పు ఇంకా మోగుతూనే ఉంటే చరణ్ బయటికి పరుగెత్తి ఆపించాడు.

తుంటి విరిగి లేవలేకపోయిందని, నిన్న సాయంత్రం దాకా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు చెప్పాడు.

మధ్యాహ్నం పట్నం నుంచి ఇంజనీరు వచ్చింది, పాతికేళ్ల పిల్ల. నిచ్చెన వేసుకుని బిళ్ల విప్పుతుంటే అక్షిత కింద నిలబడి అడిగింది.

"లోపల మనిషి ఉన్నదో పోయిందో సూడదా బిడ్డా, ఇదేం సాక్షి?"

ఆ పిల్ల తల దించుకుంది. "ఊపిరిల కూడ కర్బనం ఉంటదమ్మా. ఊపిరి తీసుడు తప్పు కాదు గద అని దాన్ని పట్టించుకోకుండ చేసిన్రు. జనానికి మంచిదనే చేసిన్రు."

"మంచిదే" అంది అక్షిత. తలుపు వైపు చూస్తూ మళ్లీ అడిగింది. "ఆమె పిలిస్తే బయటికి వినబడేదా?"

"ఈ గోడలల్ల కష్టమమ్మా."

"మరి నేను తలుపు కొడితే?"

ఇంజనీరు అబద్ధం చెప్పలేకపోయింది. "లోపలికి వినబడేది. తలుపు కర్రదే గద, కొడితే ఇల్లంత మోగుతది."

అక్షిత గడప మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని ఏడుపు ఆగలేదు.

"నిన్న పొద్దుగాల ఈన్నే నిలబడ్డ బిడ్డా. కొట్టలే. నలుగుర్ల పిలిస్తే కాదనదనుకున్న."