హామీదారుకు ఒక కాపీ

గురువారం ఉదయం 8.40.

అద్దె గది తలుపుకు గడియ పడలేదు. ఇంటావిడ తోసి చూసింది. షర్టుల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే మనిషి నేల మీద పడి ఉంది. మెడకు కొలతల టేపు బిగించి ఉంది.

9.25కు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ప్రాణం పోయింది ముందు రోజు రాత్రి ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య అని డాక్టరు చెప్పాడు.

గదిలో ఒక మంచం, ఒక కుట్టుమిషను. ఏదీ చెదరలేదు. పర్సు తెరిచిన గుర్తే లేదు. మిషను సొరుగులో దారపు ఉండలు, లైబ్రరీ వాళ్ల నోటీసు ఒకటి. ఇన్‌స్పెక్టర్ దాన్ని మిగతా కాగితాలతో కలిపి కవర్లో వేశాడు. చదవలేదు.

ఆమె ఇక్కడ దాక్కుని ఏడు నెలలు. మొగుడు రెండుసార్లు మణికట్టు విరిచాడు. రెండుసార్లూ స్టేషనుకు వచ్చింది. రెండుసార్లూ సర్దుకుపొమ్మని పంపారు. అప్పుడు ఈ ఇన్‌స్పెక్టర్ లేడు. ఉంటే ఇతనూ అదే చెప్పేవాడు.

“ఈ గది అడ్రసు ఎవరికి తెలుసు?”

“నాకు. వాళ్లక్కకు. ఇంకెవరికీ చెప్పొద్దని నా చేతులు పట్టుకుంది,” అంది ఇంటావిడ.

“ఆఖరున ఎప్పుడు చూశారు?”

“నిన్న సాయంత్రం ఏడున్నరకు. కిటికీ దగ్గర చదువుకుంటోంది. ఆకుపచ్చ అట్ట పుస్తకం. తర్వాత ఎనిమిది దాకా మిషను చప్పుడు వినబడింది.”

“ఆ పుస్తకమేది?”

ఇంటావిడ గదంతా చూసింది. పుస్తకం లేదు.

10.30కు అక్క వచ్చింది. చెల్లెలి ముఖం చూసి ఏడవలేదు. ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

“అడ్రసు నా నోటి నుంచే బయటపడిందా సార్?”

“అడగాల్సింది నేను. ఎవరికి చెప్పావు?”

“ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదనే అనుకుంటున్నా. నీ నోట్లో నువ్వుగింజ నానదు, నువ్వే దాన్ని చంపావు అంటోంది మా అమ్మ. చిన్నప్పట్నుంచీ నాకదే పేరు. పనిలో పడి ఎక్కడన్నా అనేశానేమో. నేనా కాదా, అది తేల్చండి చాలు.”

“హంతకుణ్ని పట్టుకోవద్దా?”

“వాడెవడో నాకు తెలుసు. మీకూ తెలుసు.”

భర్త బస్సు డిపోలో టైమ్‌కీపరు. బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా డ్యూటీలో ఉన్నట్టు రిజిస్టరు చెప్పింది. ఆ రిజిస్టరు రాసేది అతనే.

“ఏడు నెలలుగా దాని మొహం చూడలేదు సార్. ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది?” అన్నాడు.

కేసంతా ఆ ప్రశ్న దగ్గరే ఆగింది.

అడ్రసు ఉన్న మూడో చోటు ఏదో అక్కే చెప్పింది. లైబ్రరీ. ఉంటున్న చోటు రాయకపోతే వాళ్లు పుస్తకం ఇవ్వరు.

సాయంత్రం 4.10. లైబ్రరీ రీడింగ్ రూములో పొడవాటి బల్ల చుట్టూ అందరినీ కూర్చోబెట్టాడు. ఇంటావిడ, అక్క, లైబ్రేరియన్, బల్ల చివర టైమ్‌కీపరు. వాడి వెనక కానిస్టేబుల్.

లైబ్రేరియన్‌ది పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఆయన హయాంలో ఒక్క పుస్తకం పోలేదని పేరు.

“ఆవిడ అడ్రసు ఎవరికైనా చెప్పారా?”

“లేదు సార్. చెప్పొద్దని అడిగింది. నేను మా ఆవిడకే ఏదీ చెప్పను. కళ్లజోడు ఎక్కడ పెట్టానో కూడా.”

ఎవరూ నవ్వలేదు.

“ఆవిడ పుస్తకం ఎక్కడుంది?”

“వచ్చేసింది. ఈ పొద్దున ఎనిమిదికి, వీధి వైపు సందున్న వాపసు డబ్బా తెరిస్తే అందులో ఉంది. నిన్న సాయంత్రం ఏడింటికి నేనే ఖాళీ చేసి తాళం వేశాను.”

“ఏడున్నరకు అది ఆవిడ చేతిలో ఉంది. ఎనిమిది దాకా మిషను నడిచింది. తొమ్మిదికల్లా ఆవిడ లేదు. పర్సు ముట్టనివాడు పుస్తకం పట్టుకెళ్లాడు. పట్టుకెళ్లి డబ్బాలో వేశాడు. అది గడువు దాటిందని ఎవరెవరికి తెలుసు?”

“ఆ అమ్మాయికి. నాకు.” లైబ్రేరియన్ ఆగిపోయాడు.

“ఇంకా?”

ఆయన లేచి వెళ్లి డెస్పాచ్ రిజిస్టరు తెచ్చాడు. పేజీ తీశాడు. మళ్లీ కూర్చోలేదు.

ఇన్‌స్పెక్టర్ కవర్లోంచి నోటీసు తీసి బల్ల మీద పెట్టాడు.

“పొద్దున ఇది నా చేతిలోనే ఉంది. మధ్యాహ్నం గానీ చదవలేదు. అడుగున చిన్న అక్షరాలున్నాయి. మీరే చదవండి.”

“హామీదారుకు ఒక కాపీ,” అని చదివాడు లైబ్రేరియన్. “రూలు సార్. కార్డు తీసుకునేటప్పుడు ఒకరు హామీ సంతకం పెట్టాలి. ఈ అమ్మాయి కార్డు తొమ్మిదేళ్ల నాటిది. పెళ్లయిన కొత్తలో తీసుకుంది.”

“సంతకం ఎవరిది?”

ఆయన బల్ల చివరి వైపు చూశాడు.

“ఆ కాపీలో ఏముంటుంది?”

“సభ్యురాలి పేరు. ఇప్పటి అడ్రసు. పుస్తకం పేరు.”

“ఏ పుస్తకం?”

“విడాకుల చట్టం మీద చిన్న పుస్తకం. సోమవారం పోస్టు చేశాను.”

“వారంలో పుస్తకం రాకపోతే హామీదారు స్వయంగా హాజరు కావాలని కూడా ఉంది.” ఇన్‌స్పెక్టర్ టైమ్‌కీపరు వైపు తిరిగాడు. “నిన్నెవరూ పిలవకూడదు. ఏమీ అడగకూడదు అనుకున్నావు. అందుకే పుస్తకం తెచ్చావు.”

“నాకు నోటీసొచ్చింది. తిరిగిచ్చాను. తప్పా?”

అన్నాక, ఏం ఒప్పుకున్నాడో వాడికి తెలిసింది. కానిస్టేబుల్ వాడి భుజం పట్టుకున్నాడు.

“అది ఇంకా ఏమేం చదివేదో కూడా బయటపెట్టండి. మొగుణ్ని వదిలే పుస్తకాలు చదివే ఆడది ఎలాంటిదో కోర్టుకు తెలియాలి,” అంటూనే వెళ్లాడు వాడు.

“అయితే నేను కాదు,” అంది అక్క.

“నువ్వు కాదమ్మా.”

ఆ మాట కోసమే ఆమె పొద్దున్నుంచీ తిరిగింది. దొరికింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

“ఒక్క పుస్తకం కూడా పోలేదటగా మీ దగ్గర,” అంది లైబ్రేరియన్‌తో.

ఆయన ఇన్‌స్పెక్టర్‌ని అడిగాడు.

“నా మీద ఏ సెక్షన్ సార్?”

“ఏదీ లేదు. రూలు ప్రకారమే చేశారు.”

“సోమవారం పదకొండు నోటీసులు పంపాను. పదకొండు కాపీలు.”

“ఆపలేమా?”

“ఈపాటికి అందరికీ అంది ఉంటాయి.”

ఇన్‌స్పెక్టర్ రిజిస్టరులోని పదకొండు పేర్లూ చదివాడు. ఆ తర్వాత తన పని తాను చేశాడు.

“ఈ రిజిస్టరు కావాలి. ఆవిడ ఏమేం చదివిందో రాసిన కార్డు కూడా ఇవ్వండి. వాడి వకీలు ఎలాగూ అడుగుతాడు.”

లైబ్రేరియన్ రిజిస్టరు ఇచ్చాడు. సొరుగులోంచి కార్డు తీశాడు. తొమ్మిదేళ్ల పుస్తకాలు, రెండు వైపులా నిండుగా, ఆయన దస్తూరిలోనే. దాన్ని నాలుగు ముక్కలు చేశాడు. ఆ నాలుగూ కలిపి మళ్లీ చింపాడు.

“అది సాక్ష్యం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“వాడికి ఇంకొక్క పుస్తకం పేరు కూడా తెలియనివ్వను. దీనికి సెక్షన్ ఉందా సార్?”

“ఉంది.”

“అయితే రాసుకోండి.”

ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీశాడు.