ఒక్క లైను రాయలేదు

ఆమె గొంతు నాకు ఏడాదిన్నరగా తెలుసు. మనిషిని చూసింది మాత్రం ఆ వానరోజునే.

నేను ఒక పార్సిళ్ళ కంపెనీ గోడౌన్లో నెట్‌వర్క్ ఇంజినీర్ని. పని విషయంలో నామీద నాకు నమ్మకం ఎక్కువ. మరీ ఎక్కువని గిట్టనివాళ్ళు అంటారు, అననివ్వండి.

ఊరికి ఆ చివర మా హెడ్డాఫీసు. రౌటర్లన్నిటికీ పెద్దదిక్కు అక్కడున్న ఆమె. మా గోడౌన్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా రౌటరు నిద్రలేచి, తనకి కావలసిన సాఫ్ట్‌వేరు తన దగ్గర లేక, హెడ్డాఫీసు సర్వరుని అడుక్కునేది. భద్రత కోసం ఆ సర్వరుని మూసే ఉంచేవాళ్ళు. నేను ఫోన్ చేస్తే ఆమె తెరిచేది. ఫైలు దిగడానికి పన్నెండు నిమిషాలు పట్టేది. ఆ పన్నెండు నిమిషాలూ ఆమె లైన్లోనే ఉండేది.

మొదట్లో ఫైలు ఎంతవరకు దిగిందో మాట్లాడుకునేవాళ్ళం. నెల తిరిగేసరికి ఆమె కాఫీలో చక్కెర వేసుకోదనీ, లిఫ్టంటే భయపడి నాలుగంతస్తులూ మెట్లెక్కుతుందనీ నాకు తెలిసిపోయింది.

అలాంటి మనిషి, చెప్పాపెట్టకుండా, కారుతున్న గొడుగుతో మా సర్వర్ గది గుమ్మంలో నిలబడింది.

"రౌటరెక్కడ?"

"నమస్కారాలూ, బాగున్నారా అనడాలూ హెడ్డాఫీసులో రద్దు చేశారా మేడమ్?"

ఆమె నవ్వలేదు. "సాయంత్రం ఆ సర్వరుని శాశ్వతంగా తీసేస్తున్నారు. గోడౌన్లన్నీ సొంత ఫ్లాష్ మెమరీ నుంచే బూట్ అవుతున్నాయి, మీది తప్ప. మూడు నెలల క్రితం మీకు ఫ్లాష్ కార్డు పంపాను. కరెంటు పోయినా అందులో ఫైలు చెరిగిపోదు, కాపీ చేసుకోండి అని రాశాను. చేస్తాను చేస్తాను అంటూ నెట్టుకొచ్చారు. పైగా నా టీమ్‌లో ఉద్యోగానికి అప్లికేషనొకటి! మీ మీద రిపోర్టు రాయాల్సింది నేనే. ఏమని రాయమంటారు?"

జవాబు కోసం ఆగకుండా ఒక పార్సిల్ పెట్టె మీద కూర్చుని, లాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి, ఫ్లాష్‌లో ఏముందో చూపించమని టైపు చేసింది. తెర మీద వచ్చింది చూసి ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఫైలు ఇక్కడే ఉందే! కార్డు అందిన రోజు తేదీతోనే ఉంది." ఫైలు సరిగ్గా దిగిందో లేదో సరిచూసుకుంది. అక్షరం తేడా లేదు. "ఎవరు కాపీ చేశారు?"

"నేనే."

"ఇంకేం మిగిలింది? దీన్నుంచి బూట్ అవమని ఒక్క లైను. అది రాయడం తెలీదా?"

తెలీదంటే నాకు పని రానట్టు. తెలుసంటే కారణం చెప్పాలి. చెబితే ఆమె టీమ్‌లో ఉద్యోగం ఎలాగూ పోతుంది, ఆమె కూడా దూరమైపోవచ్చు. కానీ నాకు పని రాదని ఆమె అనుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.

"తెలుసు," అన్నాను. "ఆ లైను రాస్తే రౌటరుకి మీ సర్వరుతో పనుండదు. నాకు మీకు ఫోన్ చేసే పనుండదు. అందుకే రాయలేదు."

వాన రేకుల మీద దంచికొడుతోంది. ఆమె కరిగిపోతుందని, కనీసం సిగ్గుపడుతుందని లోపల్లోపల అనుకున్నాను. అంత ధీమా నాది.

"ఆ పన్నెండు నిమిషాలూ ఇక్కడ పార్సిళ్ళు కదిలే బెల్టు ఆగిపోతుంది కదా," అంది. "ఆ బెల్టు మీద ఎంతమంది పనిచేస్తారు?"

"ముప్ఫైమంది."

"ఈ మూడు నెలలూ వారానికి రెండుసార్లు ముప్ఫైమంది చేతులు కట్టుకుని నిలబడి, ఆనక ఆలస్యంగా ఇళ్ళకి వెళ్ళారు. మీకు నాతో కబుర్లు కావాలని! అదేం తెలీక నేనూ అటుపక్క నవ్వుతూ కూర్చున్నాను. నన్ను కూడా ఇందులోకి లాగారు మీరు."

తల కొట్టేసినట్టయింది. ఏడాదిన్నరలో ఆ ముప్ఫైమంది గురించి నేను ఒక్కసారైనా ఆలోచించలేదు.

"ముందు వాళ్ళకి చెప్పి రండి," అంది. "ఆ తర్వాతే ఈ లైను."

బెల్టు దగ్గర సూపర్‌వైజరు గోడౌన్ మొత్తానికి అక్క. ఆవిడ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా పనులాపి విన్నారు.

అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "అందుకేనా తమ్ముడూ! కరెంటు పోతే మా మొహాలు మాడిపోయేవి, నీ మొహం మాత్రం వెలిగిపోయేది!"

అందరూ గొల్లుమన్నారు. అక్క నవ్వలేదు. "నీ ప్రేమకి మేం ఓవర్‌టైం చేశామన్నమాట. ఈ నెలంతా ఆఖరి లారీ లోడు నువ్వే ఎక్కించు. మేం టైముకి ఇళ్ళకి పోతాం. సరేనా?"

"సరే అక్కా."

"ఇంతకీ ఆ పిల్ల ఏమంది?"

"ముందు మీకు చెప్పి రమ్మంది."

"బుద్ధిమంతురాలు. చేజార్చుకోకు."

మధ్యాహ్నం భోజనాలకి బెల్టు ఆపారు. మాకు ముప్పావుగంట దొరికింది. ఆమె పాత లైను తీసేసి, ఫ్లాష్ నుంచి బూట్ అవమనే కొత్త లైను రాసింది.

"చెప్పొచ్చారుగా. ఇంకేమైనా దాచారా?" తెర మీదనుంచి చూపు తిప్పకుండా అడిగింది.

"ఒకటుంది. మీరంటే నాకు ఇష్టం. రౌటరు చెడినా ఇష్టమే, బాగుపడినా ఇష్టమే. మీరు కాదంటే నోరుమూసుకుని లారీ లోడు ఎక్కించుకుంటాను. పనికి మాత్రం మళ్ళీ ఇలాంటి ద్రోహం చేయను."

ఆమె రీస్టార్ట్ నొక్కింది. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది, టకటకా జవాబు కొట్టేసింది. రౌటరు లైట్లు ఆరి, మళ్ళీ వెలిగాయి. ఇద్దరం తెరలోకి వంగి చూశాం. సర్వరు కోసం వెతుకుతోంది.

"అదేంటి! లైను మార్చాను కదా?"

"మార్చారు మేడమ్. సేవ్ చేయమంటారా అని అది అడిగితే వద్దని కొట్టారు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నా సర్వీసులో ఎప్పుడూ మర్చిపోలేదు ఇలా."

"నేనూ నా సర్వీసులో ఎప్పుడూ ఇలా మాట్లాడలేదు. ఇద్దరికీ మొదటిసారే."

"ఎగతాళి చాలు. మా ఆఫీసుకి ఫోన్ చేసి సర్వరు తెరవమను."

తెరవమను! మీరు అనడం వదిలేసి నువ్వులోకి దిగిపోయింది. గమనించాను గానీ, ప్రాణం మీద తీపి కొద్దీ పైకి అనలేదు.

ఫైలు దిగుతోంది. ఈసారి ఆ పన్నెండు నిమిషాలూ ఫోన్లో కాదు, ఒకే పెట్టె మీద పక్కపక్కన. సగం దిగాక ఆమే అంది:

"మీ గోడౌన్లో కరెంటు ఏ రోజు పోయిందో మా అమ్మ చెప్పేస్తుంది. ఆ రోజు నేను పాడుకుంటూ ఇంటికొస్తానట."

నేను నోరు తెరవబోయాను. "ఇప్పుడేం మాట్లాడకు. మళ్ళీ మర్చిపోతాను," అంది.

ఫైలు దిగింది. రెండోసారి ఆమె లైను రాసింది, నేను పైకి చదివి సరిచూశాను. సేవ్ చేసింది, సేవ్ అయిందని ఇద్దరం చూసుకున్నాం, రీస్టార్ట్ చేశాం. రౌటరు ఎవర్నీ అడక్కుండా తన ఫ్లాష్‌లోంచి తనే మూడు నిమిషాల్లో లేచి కూర్చుంది. బెల్టు సరిగ్గా టైముకి కదిలింది. అక్క అవతలినుంచి ఈల వేసింది.

ఆమె అక్కడే కూర్చుని నా మీద రిపోర్టు రాసింది. రాసి, లాప్‌టాప్ నా వైపు తిప్పింది.

'ఇతనికి పని క్షుణ్ణంగా వచ్చు. చేసిన తప్పు పెద్దదే, దాచకుండా ఒప్పుకుని దిద్దుకున్నాడు. అయినా ఇతన్ని నా టీమ్‌లోకి తీసుకోవడానికి నేను ఒప్పుకోను. పై అంతస్తులోని సెక్యూరిటీ టీమ్‌కి సిఫారసు చేస్తున్నాను.'

రెండుసార్లు చదివాను. "ఇంకా కోపం పోలేదా?"

"కోపమేం లేదు. కంపెనీ రూలు."

"ఏం రూలు?"

"భార్యాభర్తలు ఒకే టీమ్‌లో పనిచేయకూడదు." ఆమె వేలు బటన్ మీద ఆగింది. మొహం నిండా ఎరుపు, చూపు మాత్రం సూటిగా నా కళ్ళలోకే. "పంపనా?"

"పంపెయ్," అన్నాను.