చీకటి గదిలో పచ్చ చుక్కలు

"కళ్ళు కనపడట్లేదాండీ?" అందామె, నా మోచెయ్యి తగిలి స్లైడ్ల ట్రే భళ్ళుమనగానే.

నిజంగానే కనపడట్లేదు. కానీ "సారీ అండీ, తొందరలో..." అని నసిగాను.

నేను మైక్రోస్కోపులు బాగుచేసేవాణ్ణి. ఆమె పరిశోధన విద్యార్థిని. కణాల్లో ఉండే పెరాక్సిజోములనే బుల్లి సంచులు మెరవడం చూడాలంటే ఆమె ల్యాబ్ గదిలో లైట్లు ఆర్పేయాలి. మసక వెలుతురులో నాకు దారి కూడా తెలియదు.

ఆ తర్వాత మాటిమాటికీ పిలుపు వచ్చేది. "ఫోకస్ నిలవడం లేదండీ." వెళ్ళి చూస్తే మెషీన్ దివ్యంగా ఉండేది. వెళ్ళినప్పుడల్లా చిక్కటి పాలతో కాఫీ ఇచ్చేది. ఆమె అటు తిరగగానే సింకులో పోసేవాణ్ణి. ఒకరోజు చూసేసింది.

"బాగాలేదని చెప్తే సరిపోయేదిగా! పారబోయడం ఎందుకు?"

"అది కాదండీ..."

"మరేంటి?"

చెప్పకుండానే కప్పు కడిగి పెట్టి వచ్చేశాను. పాలలో, వెన్నలో ఉండే ఒక రకం కొవ్వుని విరగ్గొట్టే ఎంజైమ్ నా పెరాక్సిజోముల్లో సరిగా లేదు. ఇంతకుముందు ఒకమ్మాయికి చెప్తే, చాలా మర్యాదగా ఫోన్ చేయడం మానేసింది.

పిలుపులు ఆగిపోయాయి. సాయంత్రాలు కిటికీ పక్కన ఒక్కణ్ణే కూర్చుని వాన చూస్తూ అన్నం తినేవాణ్ణి. బెంగతో పస్తు పడుకుందామన్నా నాకు వీల్లేదు. తిండి మానేస్తే ఒంట్లో పేరుకున్న ఆ కొవ్వు రక్తంలోకి దిగి జబ్బు ముదురుతుంది.

"ఇంకెన్నాళ్ళురా ఒంటికాయ సొంఠికొమ్ములా? చెప్పెయ్యి," అంది ఫోన్‌లో అక్క.

"జాలిపడుతుందక్కా."

"పడనీ. ముందు కోపం పోతుందిగా."

సర్వీసింగ్ వంకతో నేనే వెళ్ళాను. ఆమె తల తిప్పలేదు. తెర మీద పచ్చ చుక్కలు మెరుస్తున్నాయి.

"ఇవేం చేస్తాయండీ?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"కొన్ని కొవ్వుల్ని విరగ్గొడతాయి. ఆ పనిలో పుట్టే పెరాక్సైడ్‌ని నీళ్ళుగా, ఆక్సిజన్‌గా మార్చేస్తాయి. కొందరిలా చాటుగా సింకులో పోయవు."

"ఒక ఎంజైమ్ లేకపోతే?"

"ఏదన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక జబ్బులో పాలు, వెన్న పడవు. మసక చీకట్లో చూపు ఆనదు. వాసన..."

ఆగిపోయింది. ట్రే వైపు చూసింది. సింకు వైపు చూసింది.

"వాసన కూడా తెలియదు," అన్నాను. "పూర్తిగా నయం కాదండీ. జాగ్రత్తగా తింటే చాలావరకు నెట్టుకురావచ్చు. మీరంటే నాకిష్టం. అందుకే చెప్తున్నాను."

ఆమె మళ్ళీ తెర వైపు తిరిగింది. అయిపోయిందనుకుని పనిముట్ల సంచీ సర్దుకున్నాను.

"మీరొస్తారంటే సెంటు పూసుకొచ్చేదాన్ని, తెలుసా? ఒక్కసారైనా బాగుందంటారేమోనని!" నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "పెరాక్సిజోముల మీద పరిశోధనట! ఎదురుగా ఉన్న మనిషిని పోల్చుకోలేకపోయాను."

"ఏం సెంటండీ?"

"నిమ్మపూలు."

"ఎలా ఉంటుంది?"

కాస్త ఆలోచించింది. "వాన వెలిశాక కిటికీ తీసినట్టుంటుంది."

తర్వాత చుక్కలు చూపించడానికి లైటు ఆర్పింది. తెర తప్ప నాకంతా నల్లగా అయిపోయింది.

"ఎడం పక్క స్టూలుంది, చూసుకోండి... చూసుకోవడమేంటి, నా మొహం!" అంటూ నా చెయ్యి పట్టుకుంది.

నేను కూర్చున్నాక కూడా వదల్లేదు.