నడిచిన ఆర్చి

వీధంతా నిచ్చెన అని పిలిచే అన్న తన నేల మింగేశాడని తమ్ముడికి ఆ ఉదయం పళ్ళు తోముకుంటుండగా రూఢి అయిపోయింది. అనుమానం పాతదే. నోట్లో బ్రష్షు, చేతిలో టేపు పెట్టుకుని తన ఇంటి గోడ నుంచి ఆర్చి దాకా కొలిస్తే ఏడే అడుగులు వచ్చాయి. నాన్న పెరడు పంచిన రోజు పదడుగులు. పదిలో ఏడు తీసేస్తే మూడు. అయిదో తరగతితో బడి మానేసినవాడికీ వచ్చే లెక్కే అది.

అన్నదమ్ములవి పక్కపక్క ఇళ్ళు. వెనక పెరడు ఒక్కటే. మధ్యలో గోడ లేపడం నాన్నకి ఇష్టం లేదు. అమ్మ నాటిన జాజితీగ పాకడానికి చెక్కతో ఒక ఆర్చి నిలబెట్టించి, "దీనికి ఇవతల చిన్నోడిది, అవతల పెద్దోడిది. ఇదే హద్దు, ఇదే దారి" అన్నాడు. ఆ ఆర్చి చేసింది తమ్ముడే. తలుపులు చేసే కార్ఖానాలో చెక్కపని అతనిది. చెక్క చెక్కే బాడిస చేతిలోంచి దిగదు కాబట్టి పేరు కూడా బాడిస అనే పడింది. అన్నది రంగుల పని. అసలే పొడుగు, ఆపైన రోజంతా నిచ్చెన మీదే కాపురం.

ఇద్దరికీ మాటలు పోయింది కూడా ఆ ఆర్చి దగ్గరే. నాన్న పోయాక ఒకనాడు అన్న ఎక్కడో మిగిలిన పచ్చరంగు తెచ్చి, ఆర్చికి తన వైపు మాత్రం పూసుకున్నాడు. ఇవతలి వైపు బోడిగా వదిలేశాడు. "నా వైపుకేం రోగం?" అంటే, "రంగు అయిపోయింది" అన్నాడు. నిజంగానే అయిపోయిందేమో! అయినా తమ్ముడు వీధికి వినపడేలా అరిచాడు. "ఇక నీ నేల మీద అడుగు పెడితే నా కాళ్ళు నేనే విరగ్గొట్టుకుంటా!" ఆ మాట మీదే ఇన్నేళ్ళూ ఉన్నాడు.

ఇప్పుడు కార్ఖానా మూతపడింది. పెరట్లో షెడ్డు వేసుకుని సొంతంగా తలుపులు చేస్తే తప్ప ఇల్లు గడవదు. చెక్క కోసే పెద్ద బల్ల అడ్డంగా పట్టాలంటే పదడుగులు కావాలి.

"పొద్దున్నే ఆ టేపేంటండీ? మూతి కడుక్కుని రండి" అంది భార్య.

"మూతి కాదే, కొంప కడిగేశాడు మా అన్న!"

అవతల బట్టలారేస్తున్న వదిన తల తిప్పింది.

"వదినా, మీ ఆయన్ని బయటికి రమ్మను."

"వచ్చి పిలుచుకో. కాళ్ళున్నాయిగా."

"నేనటు రాను."

"అవునవును, విరగ్గొట్టుకోవాలి కదూ, మర్చేపోయాను."

అన్న సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతోనే బయటికొచ్చాడు. తమ్ముడి వైపు చూడకుండా పెళ్ళాన్ని అడిగాడు. "ఏంటట?"

"ఆర్చి జరిపాడని చెప్పు వదినా. మూడడుగులు. నిచ్చెన మీద బతికేవాడికి నేల మీద అంత యావేంటో అడుగు."

"బాడిస ఎప్పుడూ తన వైపే చెక్కుకుంటుందని చెప్పవే. ఆ ఆర్చి మీద నేను వేలు కూడా వేయలేదు."

"వేయలేదా? తీగ మొదలు ఎక్కడుందో చూడమను!"

చూడాల్సిందే. జాజి మొదలు అవతల, అన్న నేలలో ఉంది. అక్కణ్ణించి తీగ నేల మీద పాకుతూ, ఆకుల కింద మట్టిలో మునిగి తేలుతూ వచ్చి ఆర్చి ఎక్కుతోంది. అమ్మ నాటింది ఆర్చి కాలి దగ్గర. మొదలు అక్కడుంటే ఆర్చి కూడా అక్కడే ఉండాలి కదా?

అన్న నోరు మెదపలేదు. అది చూసి తమ్ముడికి బలం వచ్చింది. "దొంగకి నోరెక్కడిది! ఇప్పుడే పీకేస్తా. మొదలు దగ్గరే కొత్తది పాతుతా."

"పీకు. నీ గునపం, నీ గుంట" అన్నాడు అన్న. అప్పటికీ పెళ్ళాం వైపు చూసే అన్నాడు.

తీగ విప్పి ఊపగానే పుచ్చిన ఆర్చి నేల మట్టానికి విరిగి ఒరిగిపోయింది. తమ్ముడు గునపం తెచ్చి, మాట తప్పకుండా తన వైపే మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి మాత్రం అవతలికి చాచి తవ్వడం మొదలెట్టాడు. నేలని తొక్కకూడదు, తవ్వొచ్చు. అదీ అతని ధర్మం.

అడుగు దూరంలో గునపం టక్కుమంది. మట్టి తీస్తే పాత ఆర్చి కాలి మొండి ముక్క. కొన నల్లగా కాల్చి ఉంది. చెద పట్టకుండా అలా కాల్చేది తనే. ఇంకో అడుగు అవతల ఇంకోటి. దానికీ అదే నలుపు, అదే ఏటవాలు కోత. తీగ మొదలు పక్కన మరొకటి. అది నాన్న కళ్ళముందు తను పాతినది. చంటిపిల్లాడి తప్పటడుగుల్లా వరసగా, తమ్ముడి ఇంటి వైపు వస్తున్నాయి.

అతను గునపం పక్కన పెట్టేశాడు. ఆర్చి కాళ్ళు పుచ్చిన ప్రతిసారీ ఏం చేశాడో గుర్తొచ్చింది. పాత మొండి ముక్క పెకలిస్తే జాజి వేళ్ళు తెగుతాయి కాబట్టి దాన్ని వదిలేసి పక్కన కొత్త గుంట తవ్వాడు. పక్కన అంటే తన వైపు. అటు పాతాలంటే అన్న నేల తొక్కాలి మరి! అడుగే కదా అనుకున్నాడు. ప్రతిసారీ అడుగే కదా అనుకున్నాడు.

"అయితే ఎవరు జరిపినట్టండీ?" అంది భార్య.

"ఒరేయ్" అన్నాడు అన్న. గడ్డం మీద నురగ ఎండిపోయింది. "మొదటిసారి పొరపాటనుకున్నా. రెండోసారి పిచ్చి అనుకున్నా. మూడోసారికి, ఇంకా ఏడుసార్లు పుచ్చితే మీ వంటింట్లో పూయిస్తాడు జాజి అనుకున్నా."

"చెప్పి ఏడవచ్చుగా!"

"ఎవడితో చెప్పి ఏడవను? నేను పెరట్లోకొస్తే నువ్వు తలుపేసుకునేవాడివి."

"దొంగా అంటే కూడా నోరు తెరవ్వేం మరి?"

"తెరిస్తే నమ్ముతావా? నీ చేత్తో నువ్వే తవ్వుకుంటే నమ్ముతావని."

వదిన తడిబట్ట దండెం మీద విసిరికొట్టింది. "ఇటు చూడు మరిదీ. కళ్ళు పెట్టి చూడు. ఈ మూడడుగుల్లో ఒక్క మొక్కుందా? పుదీనా వేసుకుంటానంటే, 'అది వాడిది, ముట్టుకోకు' అని ఈయన నా మీద పడ్డాడు. ఊడవడం నాకు, ఉత్త నేల మీకు!"

చూశాడు. అన్న పెరడంతా మొక్కలు కిక్కిరిసి ఉన్నాయి. ఈ పట్టీ మాత్రం ఊడ్చి, నున్నగా, ఖాళీగా ఉంది. ఇన్నాళ్ళూ మోసిన కోపం ఎక్కడ దించుకోవాలో తమ్ముడికి తెలియలేదు. మట్టిచేత్తో కళ్ళు తుడుచుకుని ముఖమంతా మట్టి చేసుకున్నాడు.

"తీసుకో నీ నేల. మొదటి గుంటలోనే పాతుకో" అన్నాడు అన్న విసురుగా.

"తీగ మధ్యలో వేళ్ళూనింది. లాగితే చస్తుంది."

"అయితే మీ ఇద్దరి మొండితనమంత పొడుగు ఆర్చి కట్టండి" అంది వదిన. "ఆ మొండి ముక్క నుంచి ఈ మొండి ముక్క దాకా."

తమ్ముడు లేచాడు. కొలవాలంటే అటు వెళ్ళాలి. టేపు పట్టుకుని, ఒక కాలు వేశాడు. రెండోదీ వేశాడు.

"విరిగాయా?" అన్నాడు అన్న.

"నోర్మూసుకుని ఆ కొస పట్టుకో."

కొత్త ఆర్చి నాలుగు కాళ్ళది. కార్ఖానా వాళ్ళు వదిలేసిన ద్వారబంధాల చెక్క. ఈసారి కాళ్ళకి ఇనుప తొడుగులు వేశాడు. చెక్క మట్టిని తాకదు, పుచ్చదు, నడవదు. పని సాగినంతసేపూ తిట్టుకుంటూనే ఉన్నారు. వంకరగా ఉందని అన్న, నీ మెడే వంకరని తమ్ముడు. అన్న రంగు డబ్బాలు రెండు తెచ్చి అన్ని వైపులా పూశాడు.

"మిగిలితే?"

"నీ మూతికి పూస్తా."

షెడ్డులో బల్ల నిలువుగా వేస్తే ఏడడుగులు సరిపోయాయి. పొడుగు చెక్కలొస్తే అన్న పెరట్లోంచి, ఆర్చి కిందుగా మోసుకొస్తారు. ఖాళీ పట్టీలో పుదీనా వేసుకోమని వదినకి తమ్ముడే చెప్పాడు, అది కూడా కసిరినట్టే.

"అదంతా సరే, ఇంతకీ మనకెంత పోయినట్టు?" అని భార్య అడిగింది.

అతను టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"వెడల్పు మూడడుగులు, పొడుగు ముప్పై. సరిగ్గా పది గజాలు."