పార్కింగ్ నోటీసు, పన్నీరు ద్రాక్ష

కోయంబత్తూరులో కృత్తిక గొంతు వింటే చాలామందికి నిద్ర పట్టేది కాదు. బాకీలు వసూలు చేసే ఆఫీసులో ఆమె ఉద్యోగమే అలాంటిది. తమిళంలో మర్యాదగా మొదలుపెట్టి, మూడో నిమిషానికల్లా అవతలివాళ్లకు చెమటలు పట్టించేది.

ఆ రోజు జల్లు పడుతోంది. లిస్టులో పేరు కవిన్, ఊరు కంబం, ద్రాక్షతోట. కంటి ఆసుపత్రి పక్కనున్న ప్రైవేటు పార్కింగులో వ్యాను గంటసేపు ఎక్కువ ఉంచాడట. పద్దెనిమిది వందలు కట్టాలి.

"సార్, పార్కింగ్ నోటీసు గురించి," అంది తమిళంలో.

అవతలి మనిషి ఫోన్ చేతిలో ఉండగానే ఇంట్లోవాళ్లతో తెలుగులో అన్నాడు. "అవ్వా, వసూలు పిల్ల. కోపంగా మాట్లాడతాది గానీ గొంతు ఎంత బాగుండాదో."

పరాయివాళ్ల ముందు రహస్యం చెప్పుకోవాలంటే తెలుగులోకి దూకడం తమిళ ఊళ్లలోని తెలుగిళ్లలో అందరికీ అలవాటే. కృత్తిక వాళ్లమ్మ కూడా బట్టలకొట్టులో అదే పని చేస్తుంది. ఇప్పుడా రహస్యం తన గురించే అయ్యేసరికి కృత్తిక బుగ్గలు వేడెక్కాయి. తనకు అర్థమైందని మాత్రం చెప్పలేదు.

మర్నాడూ ఫోన్ చేసింది. ఆ మర్నాడూ చేసింది. నిజానికి వారానికి ఒక్కసారి చాలు.

"పన్నీరు ద్రాక్ష రంగు తిరిగినాది అవ్వా. ఒక గుత్తి ఈ పిల్ల చేతిలో పెడితే ఎట్లుంటాదో," అనేవాడు అతను. కిటికీ అద్దం మీద వాన జారుతుంటే, ఆమెకు తాను ద్రాక్షపందిళ్ల కింద ఆకుపచ్చని నీడలో నడుస్తున్నట్టే ఉండేది. అతను డబ్బు కట్టేస్తే ఫైలు మూతపడుతుంది, ఆ గొంతు ఇక వినబడదు. ఆ ఆలోచనకే ఆమెకు దిగులేసేది.

పదోరోజు అవ్వ పాపమ్మాళ్ మాట వినబడింది. "నా కన్ను కోసరం కదరా బండి నిలిపింది. నా కమ్మలు కుదువ పెట్టి కట్టేయి. పోలీసు వస్తే మానం పోతాది."

కృత్తిక గుండె కలుక్కుమంది. అది కోర్టు వేసిన జరిమానా కాదు, ఒక కంపెనీ అడుగుతున్న డబ్బు. ఆ మాట చెబితే ఉద్యోగం పోతుంది. సూపర్‌వైజర్ యేసుదాస్ ప్రతి రికార్డింగూ వింటాడు. అయితే ఆయన నోట తమిళం తప్ప మరో మాట ఎవరూ వినలేదు.

"అవ్వా, కమ్మలు తీయవద్దు," అంది తెలుగులో. "పోలీసు రారు. ఈ డబ్బుకు మేం ఒప్పుకోం అని లెటర్ రాసి, ఆసుపత్రి చీటీ పెట్టి పంపించండి."



"మీకు తెలుగు వచ్చునా?" అన్నాడు కవిన్ నీరసంగా.

"ఇంట్లో అదే కదా మాట్లాడేది."

"మొదటి దినం నుండీ విన్నారా?"

"ద్రాక్ష గుత్తి కూడా విన్నాను."

మర్నాడు పొద్దున్నే యేసుదాస్ పిలిచాడు. ఆ రికార్డింగు మొత్తం వినిపించాడు.

"చీటీ మీద తేదీ కనబడాలని కూడా చెప్పాల్సింది పాపా," అన్నాడాయన, చక్కని తెలుగులో. "మా అమ్మది కంబం వైపు ఆండిపట్టి, ఇంట్లో తెలుగే. పోలీసు పేరు చెప్పి ముసలివాళ్లను భయపెట్టేది నాకూ సరిపడదు. ఫైలు ఆ పార్కింగు కంపెనీకే వెనక్కి పంపేసినాను. ఇంక ఆ నంబరుకు ఆఫీసు ఫోన్ చేయకూడదు."

ఉద్యోగం మిగిలింది. అయినా ఆమె కళ్లు నిండాయి.

"నీ ఫోన్ ఉండాది కదా," అన్నాడు యేసుదాస్ కాగితాల్లోకి చూస్తూ.

ఆమె మెట్ల మీదికి పరుగెత్తింది. వాన తుంపర మొహాన పడుతుండగా డయల్ చేసింది.

"కృత్తికను. ఫైలు మూసేసినారు. అయినా మీతో మాట్లాడకుండా ఉండలేను."

"నేను రాత్రంతా నిద్రపోలేదు," అన్నాడు కవిన్.

అంతలో పాపమ్మాళ్ ఫోన్ లాక్కుంది. "అమ్మీ, మీ ఇంటిపేరు ఏమి?"

కృత్తికకు భయం పట్టుకుంది. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్లే. ఇంక మాటే లేదు.

"బోడపాటివాళ్లం, అవ్వా."

ముసలావిడ తీరిగ్గా ఆలోచించింది.

"మాది వేరే," అంది చివరికి.

అవతల కవిన్ గట్టిగా ఊపిరి వదిలాడు. కృత్తిక కళ్లు తుడుచుకుని, ఆదివారం కంబానికి మొదటి బస్సు ఎన్నింటికని అడిగింది.