లాహాబు ఎందుకు తల ఊపాడు

కెందారి రేవు పక్కనున్న ఆ గదిలో ప్రైవేటు డిటెక్టివ్ దాయెంగ్ సిక్కి, ఆయన సహాయకురాలు హస్నా ఇద్దరే ఉన్నారు. నుర్మీ గబగబా మెట్లెక్కి వచ్చింది.

"మా నాన్న పడవ తాడు ఎవరో కోసేశారండీ. ఇవాళ తాడు. రేపు పీకేమో," అంది.

లాబుతాలో సముద్రం మీద గుంజలు పాతి ఇళ్ళు కట్టుకున్న బజావు జాలరులకు ఆమె తండ్రి లాహాబు పెద్ద. వాళ్ళు ఊపిరి బిగబట్టి నీళ్ళలో అంతసేపు ఎలా ఉండగలరో వాళ్ళ జన్యువులు చదివి తెలుసుకుంటానని డాక్టర్ విరాత్మో వచ్చాడు. పెద్ద ఒప్పుకున్నాడని చెప్పి, ఇంటింటా ఉమ్ము పట్టుకెళ్ళాడు. అది మందుల కంపెనీ చేతికి పోయిందని ఈమధ్యే బయటపడింది. తాను ఒప్పుకోలేదని లాహాబు ఎంత మొత్తుకున్నా, డాక్టరు తీసిన వీడియోలో ఆయన తల ఊపడం ఊరంతా చూసింది.

మర్నాడు సిక్కి, హస్నా లాబుతా వెళ్ళారు. నుర్మీ తండ్రి భుజం తట్టి, ఆయన తనవైపు తిరిగాకే మాట్లాడింది. లాహాబు సిక్కి పెదాలనే చూస్తూ జవాబులు చెప్పాడు.

డాక్టరుకు దుబాసీగా ఉన్న జుమాదిల్ అదే ఊరివాడు.

"అందరినీ ఒకేలా అడిగానండీ. నాకే పాపం తెలీదు."

"పాపం గురించి నేనడగలేదే," అన్నాడు సిక్కి.

తర్వాత వీడియోలు చూశారు. మొదటిదాంట్లో సబియా అనే విధవరాలిని జుమాదిల్ గట్టిగా అడిగాడు. అతని మాస్కు గడ్డం కింద ఉంది. ఆమె కాదంది. రెండోదాంట్లో అతని మాస్కు నోటిమీదికి వచ్చింది, గొంతు తగ్గింది. లాహాబు తల ఊపాడు.

"ఊపాడు కదండీ," అంది హస్నా.

"దేనికి?"

సాయంత్రం డాక్టరుతో సహా ఊళ్ళో అందరినీ చెక్కవంతెన మీద కూర్చోబెట్టారు. సిక్కి మాస్కు పెట్టుకుని, లాహాబు ఎదుట కూర్చుని, తగ్గు స్వరంతో అడిగాడు.

"మీ పడవ నేను పట్టుకుపోనా?"

లాహాబు మర్యాదగా తల ఊపాడు. వెనక ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"చిన్నప్పటినుంచీ లోతులకు దిగి ఈయన చెవిగూబలు పగిలిపోయాయి. పెదాలు కనబడకపోతే మాట అందదు, మర్యాదకి తల ఊపుతాడు. ఈ సంగతి ఇక్కడ పుట్టినవాడికే తెలుసు. మీరంతా తల చూశారు, మాస్కు చూడలేదు," అన్నాడు సిక్కి. "ఏం జుమాదిల్? సబియా కాదన్నాక నీ గొంతెందుకు తగ్గింది?"

జుమాదిల్ తలదించుకున్నాడు. "పెద్దకి వినబడదని నేనే నోరు జారాను. 'అయితే మాస్కు పెట్టుకుని మెల్లగా అడుగు, తల ఊపితే చాలు' అన్నారు డాక్టరుగారు."

"నాకు వీళ్ళ భాషే రాదు," అన్నాడు విరాత్మో.

"అందుకేగా మీకు తల ఊపితే చాలింది."

విరాత్మో ఉమ్మంతా వెనక్కి తెప్పిస్తానని హస్నా పట్టిన కెమెరా ముందు ఒప్పుకున్నాడు. ఒక జాలరి లేచి వచ్చి, "తాడు కోసింది నేనే, పెద్దాయనా," అని లాహాబు కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

నుర్మీ తండ్రి భుజం తట్టి, డాక్టరు అడగవలసిందంతా గట్టిగా, మొదటినుంచి చివరిదాకా చెప్పింది.

"ఇలా అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణే," అన్నాడు లాహాబు. "ఇప్పుడివ్వను."